గాఢ విశ్రాంతి నిద్ర బాకీని తీర్చగలదా?

ఒక గంట యోగనిద్ర నాలుగు గంటల మామూలు నిద్రతో సమానమైన విశ్రాంతినిస్తుందన్న మాట కొన్ని దశాబ్దాలుగా యోగ శిబిరాల్లోనూ ఆరోగ్య శీర్షికల్లోనూ చెలామణి అవుతూ, ఇటీవల మొబైల్ ఫోన్లలో వినే ధ్యాన పాఠాల ద్వారా రాత్రి షిఫ్టుల ఉద్యోగుల దాకా, పోటీ పరీక్షలకు చదివే విద్యార్థుల దాకా చేరింది. ధ్యానం మనసుకు మంచిదన్న సాధారణ ప్రశంసకూ ఈ మాటకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది: ఇందులో ఒక కొలత ఉంది, ఒక మారకపు రేటు ఉంది, కాబట్టి దీన్ని పరీక్షించవచ్చు. అలా పరీక్షించాలంటే ముందుగా నిద్ర ఏయే పనులు చేస్తుందో, వాటిలో ఏవి గాఢ విశ్రాంతికి సాధ్యమో విడివిడిగా చూడవలసి ఉంటుంది. ఎందుకంటే 'అలసట తీరడం' అనే ఒకే మాట కింద శరీరంలో జరిగే వేర్వేరు ప్రక్రియలు కలిసిపోతుంటాయి, పై సమీకరణానికి ఉన్న ఆకర్షణ అంతా ఆ కలగలుపులోనే ఉంది.

సమీకరణం పుట్టుక

విష్ణుమూర్తి యోగనిద్ర పురాణ ప్రసిద్ధమే అయినా, ఈనాడు ఆ పేరుతో నేర్పుతున్న సాధన ఇరవయ్యో శతాబ్దపు రెండో భాగంలో, బీహార్‌లోని ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి నెలకొల్పిన యోగ విద్యాలయంలో రూపుదిద్దుకుంది. మంత్రాన్ని ఉచ్చరిస్తూ శరీర భాగాలను ఒక్కొక్కటిగా స్పృశించే న్యాసమనే తాంత్రిక విధి దీనికి ఆధారం. సాధకుడు శవాసనంలో వెల్లకిలా పడుకొని కళ్లు మూసుకుంటాడు. బోధకుడు చెబుతున్న క్రమంలో కుడిచేతి బొటనవేలితో మొదలుపెట్టి తక్కిన వేళ్లు, అరచేయి, మణికట్టు, మోచేయి, భుజం మీదుగా శరీరమంతటా ధ్యాసను తిప్పుతాడు. ఆ తర్వాత శ్వాసలను పై అంకె నుంచి కిందికి లెక్కపెడతాడు, బరువు, తేలిక, వేడి, చలి వంటి అనుభూతులను జంటలుగా తలచుకుంటాడు. నిద్రలోకి జారిపోకుండా, అలాగని పూర్తి మెలకువలోకి రాకుండా ఆ అంచున నిలవగలగడమే సాధన లక్ష్యం. ఇంచుమించు ఇలాంటి పద్ధతులు పాశ్చాత్య వైద్యంలోనూ అంతకుముందే ఉన్నాయి: షికాగోకు చెందిన ఎడ్మండ్ జాకబ్సన్ కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతిని 1929లో పుస్తకరూపంలో వివరించగా, జర్మనీలో యోహానెస్ షుల్ట్స్ కాళ్లూచేతులూ బరువెక్కి వెచ్చబడుతున్నట్టు భావించే శిక్షణను 1932లో ప్రచురించాడు.

విశ్రాంతిని నిద్రతో పోల్చి అంకెల్లో చెప్పే అలవాటుకు ప్రయోగశాల ముద్ర పడింది 1970ల్లో. భావాతీత ధ్యానం చేసేవారిపై రాబర్ట్ కీత్ వాలెస్ జరిపిన పరిశోధన 1970లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. ఆ తర్వాత 1972లో ఆయన, హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్‌తో కలిసి, ధ్యానంలో కూర్చున్న కొద్ది నిమిషాల్లోనే శరీరం వాడుకునే ఆక్సిజన్ సగటున 17 శాతం దాకా తగ్గుతుందని, నిద్రలోనైతే అంతకంటే తక్కువ తగ్గుదలకే కొన్ని గంటలు పడుతుందని రాశారు. ధ్యానం నిద్రకంటే లోతైన విశ్రాంతి అన్న ప్రచారానికి ఇదే మూలం. అయితే ధ్యానం చేసేవారిని ఊరికే కళ్లు మూసుకొని నిమ్మళంగా కూర్చున్నవారితో పోల్చి చూసిన తర్వాతి పరిశోధనలు కొన్నిటిలో ఆ తేడా చాలావరకు కుదించుకుపోయింది. అంతకంటే మౌలికమైన చిక్కు ఇంకొకటి ఉంది: శరీరం ఎంత తక్కువ ఆక్సిజన్ వాడుకుంటే అంత ఎక్కువ నిద్ర జరిగినట్టు అన్న ఊహ, నిద్ర ఉన్నది ఇంధనాన్ని పొదుపు చేయడానికే అన్న భావన మీద నిలిచింది. ఆ భావన నిలవదని నిద్రాణస్థితిలోకి వెళ్లే జంతువులు చూపిస్తాయి. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

నిద్రను గుర్తుపట్టే పద్ధతి

కదలకుండా పడుకున్న మనిషి నిద్రపోతున్నాడో లేదో బయటినుంచి చూసి చెప్పడం కష్టం. ఒక్కోసారి ఆ మనిషి కూడా సరిగ్గా చెప్పలేడు. తలపై అంటించిన లోహపు బిళ్లల ద్వారా మెదడులోని విద్యుత్ హెచ్చుతగ్గులను నమోదుచేసే ఈఈజీ పద్ధతిని జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించిన తర్వాతే ఈ ప్రశ్నకు ఆధారంతో కూడిన జవాబు సాధ్యమైంది. మెలకువగా ఉండి కళ్లు మూసుకున్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి. మాగన్నుగా కునుకు పడుతున్నప్పుడు ఆల్ఫా చెదిరిపోయి, సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే థీటా తరంగాలు వాటి స్థానంలోకి వస్తాయి. ఇది నిద్ర మొదటి దశ. రెండో దశలో కదురు ఆకారంలో ఉబ్బి సన్నబడే స్పిండిల్స్ అనే తరంగాల గుత్తులు తోడవుతాయి. మూడో దశ అయిన గాఢనిద్రలో సెకనుకు 4 కంటే తక్కువసార్లు ఊగే, బాగా ఎత్తైన డెల్టా తరంగాలు పరుచుకుంటాయి. 1953లో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ వెల్లడించిన రెమ్ నిద్ర వీటన్నిటికీ భిన్నమైనది. అందులో కనుగుడ్లు వేగంగా కదులుతాయి, స్పష్టమైన కలలు వస్తాయి, చేతులూ కాళ్లూ కదిపే కండరాలు పట్టు వదిలేస్తాయి.

ఈ దశలన్నీ కలిసిన ఒక చుట్టు సుమారు 90 నిమిషాలు పడుతుంది, రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతాయి. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర, తెల్లవారుజామున రెమ్ నిద్ర ఎక్కువ పాలు తీసుకుంటాయి. కాబట్టి నాలుగు గంటల నిద్ర అన్నప్పుడు, అది రాత్రిలో ఏ నాలుగు గంటలన్న ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. ఒకే రకం సరుకు కానిదాన్ని ఒకే మారకపు రేటుతో కొలవడంలోనే ఈ సమీకరణం తొలి తడబాటు ఉంది.

ధ్యానంలో మెదడు ఏ స్థితిలో ఉంటుంది?

యోగనిద్రను నిద్రతో సమానం చేసేవారు తరచుగా డెల్టా తరంగాలను సాక్ష్యంగా చూపిస్తారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో మెనింజర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్ దంపతులు 1970 ప్రాంతంలో హిమాలయ యోగి స్వామి రామను పరీక్షించినప్పుడు, ఆయన గాఢనిద్రను పోలిన డెల్టా తరంగాలను తలచుకున్నప్పుడు తెప్పించి, ఆ సమయంలో గదిలో పలికిన వాక్యాలను చాలావరకు తిరిగి అప్పజెప్పారని వారు నమోదు చేశారు. ఆశ్చర్యం కలిగించే పరిశీలనే అయినా, అది ఒక అసాధారణ సాధకుడికి సంబంధించినది. పైగా, ఆ అభ్యాసం వల్ల ఆయనకు ఆ రాత్రి నిద్ర అవసరం ఎంత తగ్గిందన్నది ఆ పరీక్ష ప్రశ్నే కాదు.

సామాన్య సాధకుల విషయంలో పరిస్థితి మరింత తేటగా ఉంది. 1976లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పగానో బృందం అనుభవజ్ఞులైన ఐదుగురు ధ్యాన సాధకుల ఈఈజీని పరిశీలించి, వారు ధ్యానంలో ఉన్నామనుకున్న సమయంలో గణనీయమైన భాగాన్ని నిజానికి నిద్ర రెండు, మూడు, నాలుగు దశల్లో గడిపారని తేల్చింది (అప్పటి వర్గీకరణలో గాఢనిద్రను రెండు దశలుగా లెక్కించేవారు). ధ్యానం తర్వాత కలిగే తాజాదనంలో కొంత భాగం కూర్చున్నచోటే తీసిన కునుకు చలవేనన్నమాట. నిద్రలోకి జారకుండా సాధన చేసేవారి మెదడులో ఏం జరుగుతుందన్నది మరో ప్రశ్న. భారత సైనిక వైద్య పరిశోధకురాలు కరుణా దత్తా బృందం 2022లో ప్రచురించిన అధ్యయనంలో, యోగనిద్ర చేస్తున్నవారు ఈఈజీ ప్రమాణాల ప్రకారం మెలకువగానే ఉన్నా, డెల్టా తరంగాల బలం మెదడు ప్రాంతాన్నిబట్టి వేర్వేరుగా మారిందని, దీన్ని స్థానిక నిద్రకు ఆనవాలుగా భావించవచ్చని తెలిపింది. స్థానిక నిద్ర అంటే తక్కిన మెదడు మేలుకొని ఉండగా ఒక ప్రాంతంలోని నాడీకణాలు మాత్రం నిద్రలోలాగా కొద్దిసేపు మూగబోవడం. మెలకువగా తిరుగుతున్న ఎలుకల్లో ఇది 2011లో స్పష్టంగా నమోదైంది. గాఢనిద్రలోనైతే మెదడు పైపొరలో విశాలమైన ప్రాంతాల్లోని నాడీకణాలు కలిసికట్టుగా మూగబోతూ, కలిసికట్టుగా మళ్లీ పలుకుతూ ఉంటాయి. ఒకచోట కాస్త డెల్టా పెరగడానికీ, మెదడంతా గంటలకొద్దీ ఆ లయలో మునగడానికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

బాకీ ఖాతా

నిద్ర అవసరాన్ని అర్థంచేసుకోవడానికి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన రెండు ప్రక్రియల నమూనా ఇప్పటికీ ప్రధాన ఆధారం. మొదటిది శరీర గడియారం. అది రాత్రి, పగలు అన్న తేడాను పాటిస్తూ మగతను, చురుకుదనాన్ని వేళప్రకారం నడిపిస్తుంది. రెండోది మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పెరుగుతూ, నిద్రలో మాత్రమే కరిగే నిద్ర ఒత్తిడి. ఇదే నిద్ర బాకీ. ఈ బాకీకి రసాయన రూపాల్లో ఒకటి అడెనొసిన్. నాడీకణాలు పనిచేస్తున్నకొద్దీ శక్తి వినియోగంలో భాగంగా వెలువడే ఈ పదార్థం, మెలకువను నిలబెట్టే కేంద్రాల దగ్గర పోగుపడి వాటి జోరును తగ్గిస్తుంది. కాఫీలోని కెఫీన్ ఈ అడెనొసిన్ కూర్చోవలసిన గ్రాహకాలను తానే ఆక్రమించి మగతను మరుగుపరుస్తుంది. అడెనొసిన్ మాత్రం అక్కడే ఉంటుంది కనుక కాఫీ ప్రభావం తగ్గగానే కునికిపాట్లు మళ్లీ మొదలవుతాయి.

ఈ నమూనాలో అక్కరకొచ్చే గుణం ఒకటుంది: బాకీని కొలవవచ్చు. నిద్ర ఒత్తిడి ఎంత ఎక్కువ ఉంటే, ఆ రాత్రి తొలి చుట్లలో డెల్టా తరంగాలు అంత బలంగా వస్తాయి. మధ్యాహ్నమో సాయంత్రమో నిజంగా నిద్రపోయినవారిలో ఆ రాత్రి డెల్టా బలం తగ్గుతుంది, అంటే పగటినిద్ర బాకీలో కొంత చెల్లించినట్టు లెక్క తేలుతుంది. గాఢ విశ్రాంతి నిద్రకు బదులుగా నిలవాలంటే అది కూడా ఇదే పరీక్షలో నెగ్గాలి; మెలకువతో చేసిన గంట సాధన ఆ రాత్రి డెల్టా బలాన్ని నాలుగు గంటల నిద్ర తగ్గించినంతగా తగ్గించాలి. యోగనిద్ర పరిశోధనలు ఇలాంటి ఫలితాన్ని చూపలేదు. పైగా, కొద్ది రోజుల యోగనిద్ర అభ్యాసం తర్వాత రాత్రి గాఢనిద్రలో డెల్టా పెరిగిందని అదే కరుణా దత్తా బృందం మరో అధ్యయనంలో తెలిపింది. అది నిద్ర మెరుగుపడటానికి సూచనే తప్ప నిద్ర అక్కర తీరిపోవడానికి సూచన కాదు.

విశ్రాంతి, నిద్ర వేర్వేరు ఖాతాలన్న సంగతికి జీవప్రపంచంలో బలమైన ఉదాహరణ ఉత్తర ధ్రువ ప్రాంతపు నేల ఉడుత. చలికాలంలో అది నిద్రాణస్థితిలోకి వెళ్లినప్పుడు దాని శరీర ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే కిందికి కూడా పడిపోతుంది, గుండె, ఊపిరి, జీవక్రియ నామమాత్రంగా మిగులుతాయి. ఏ ధ్యానమూ చేరలేనంత లోతైన విశ్రాంతి అది. అయినా ఆ ఉడుత రెండు మూడు వారాలకోసారి, దాచుకున్న కొవ్వును భారీగా ఖర్చుచేసి, ఒళ్లు వెచ్చబరుచుకొని పైకి వస్తుంది. వచ్చి, ఆ వెచ్చని గంటల్లో ఎక్కువ భాగం నిద్రపోతుంది. సెర్జ్ డాన్, అతని సహచరులు 1991లో ఈ నిద్ర తొలి గంటల్లో డెల్టా బలంగా ఉండటాన్ని గమనించి, నిద్రాణస్థితిలో నిద్ర బాకీ పెరుగుతుందని వాదించారు. ఆ డెల్టాకు కారణం బాకీయేనా అన్నదానిపై తర్వాత వేరే వాదనలు వచ్చినా, శక్తి పొదుపే నిద్ర పరమార్థమైతే ఆ జంతువుకు అంత ఖరీదు పెట్టి నిద్రలోకి రావలసిన పని ఉండదన్న తర్కం చెక్కుచెదరలేదు. తెలుగు ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర కథలో కూడా లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్ను మూయకుండా ఉండాలంటే అతని వంతు నిద్రను ఊర్మిళ తలకెత్తుకోక తప్పలేదు. నిద్రను మాఫీ చేయడానికి జానపదుల ఊహ కూడా ఒప్పుకోలేదు.

నిద్రకే చెల్లే పనులు

గాఢ విశ్రాంతి సాధించే పనులు తక్కువేమీ కాదు. ఉద్రేకాన్ని రేపి, పారిపోవడానికో పోరాడటానికో శరీరాన్ని సిద్ధంచేసే సహానుభూత నాడీవ్యవస్థ జోరు అందులో తగ్గుతుంది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు సడలుతాయి. మనసులో తిరుగుతున్న చింతల సుడి నెమ్మదిస్తుంది. కొత్తగా విన్న కథను పది నిమిషాలపాటు ఏ పనీ పెట్టుకోకుండా కళ్లు మూసుకొని కూర్చున్నవారు, వెంటనే వేరే పనిలో పడినవారికంటే ఎక్కువకాలం గుర్తుపెట్టుకున్నారని ఎడిన్‌బరో పరిశోధకులు 2012లో చూపించారు కనుక, జ్ఞాపకానికి కూడా మెలకువలోని విశ్రాంతి ఎంతోకొంత తోడ్పడుతుంది.

అయినా నిద్రతో గట్టిగా ముడిపడిన పనులు కొన్ని మిగిలే ఉంటాయి. పెరుగుదల హార్మోన్ రోజులో అత్యధికంగా విడుదలయ్యేది రాత్రి తొలి గాఢనిద్ర సమయంలో. పగటి అనుభవాలను తాత్కాలికంగా నిలవచేసే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం వాటిని గాఢనిద్రలో మళ్లీ మళ్లీ నెమరువేస్తుండగా, డెల్టా తరంగాలు, స్పిండిల్స్ ఒకదానితో ఒకటి లయ కలిపి ఆ జ్ఞాపకాలను మెదడు పైపొరలో స్థిరపరచడానికి దారి చేస్తాయి. రెమ్ నిద్రలో మెదడుకు నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని అందించే కేంద్రం ఇంచుమించు పూర్తిగా మౌనం వహిస్తుంది. మెలకువలో ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆ మౌనం రాదు. నిద్రలో మెదడులోని వ్యర్థాలు ద్రవప్రవాహంతో కడిగివేయబడతాయన్న సిద్ధాంతానికి 2013లో ఎలుకలపై జరిగిన ప్రయోగం విస్తృత ప్రచారం తెచ్చినా, 2024లో మరో బృందం అందుకు విరుద్ధమైన ఫలితాన్ని ప్రకటించింది కనుక ఆ వాదనను మాత్రం ఇంకా తేలని అంశంగానే ఉంచాలి. నీటిలో మునిగిపోయే ప్రమాదం ఉన్నా డాల్ఫిన్లు నిద్రను వదులుకోకుండా మెదడులో ఒక్కొక్క అర్ధభాగాన్ని వంతులవారీగా నిద్రపుచ్చుకోవడం చూస్తే, పరిణామక్రమం నిద్రకు ప్రత్యామ్నాయం వెతకడానికి బదులు నిద్రను ఇమడ్చుకునే ఉపాయం వెతికిందని అర్థమవుతుంది.

సాధకులు తక్కువ నిద్రపోతారా?

ఈ చర్చలో తరచుగా ఉదహరించే పరిశోధన కెంటకీ విశ్వవిద్యాలయంలో ప్రశాంత్ కౌల్, బ్రూస్ ఒహారా తదితరులు చేసి 2010లో ప్రచురించినది. ధ్యానానికి కొత్తవారైన పదిమందికి తెరపై గుర్తు కనిపించగానే మీట నొక్కే పరీక్ష పెట్టారు. సెకనులో వెయ్యో వంతుల లెక్కన ప్రతిస్పందన వేగాన్ని కొలిచే ఈ పరీక్షకు సాధనతో మెరుగుపడే గుణం చాలా తక్కువ కాబట్టి మగతను కొలవడానికి దీన్ని విరివిగా వాడతారు. 40 నిమిషాల ధ్యానం తర్వాత వారి వేగం పెరిగింది, అంతే సేపు కునుకు తీసినప్పుడు లేచిన వెంటనే ఉండే మత్తు వల్ల తగ్గింది. ఒక రాత్రంతా నిద్రలేకుండా గడిపిన తర్వాత కూడా ధ్యానం కొంత మేలు చేసింది. రోజుకు కొన్ని గంటలు ధ్యానంలో గడిపే దీర్ఘకాల సాధకులు అదే వయసు ఇతరులకంటే గణనీయంగా తక్కువ నిద్రపోతున్నారని కూడా ఆ పరిశోధన గమనించింది. అయితే ధ్యానం నిద్ర బాకీని చెల్లిస్తుందా లేదా అన్నది ఇంకా తేల్చవలసిన ప్రశ్నేనని దాని రచయితలే పేర్కొన్నారు. సహజంగానే తక్కువ నిద్ర సరిపోయేవారు, తెల్లవారుజామునే లేచే క్రమశిక్షణ ఉన్నవారు దీర్ఘకాల సాధనలో ఎక్కువగా నిలదొక్కుకునే అవకాశం ఉంది కనుక, ఏది కారణమో ఏది ఫలితమో ఇలాంటి పోలిక తేల్చిచెప్పలేదు.

సాధకుల నిద్ర ఎలా ఉంటుందన్న విషయంలోనూ ఫలితాలు ఒకే దారిలో లేవు. బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు విపశ్యన సాధకుల్లో, వయసుతో తగ్గిపోవలసిన గాఢనిద్ర చాలావరకు నిలిచి ఉందని 2006లో తెలిపారు. అమెరికాలో విలబీ బ్రిటన్ బృందం, కుంగుబాటు నుంచి కోలుకుంటున్నవారికి ఎనిమిది వారాలు ధ్యాన శిక్షణ ఇచ్చి 2010లో చూసినప్పుడు, వారి నిద్రలో మెలకువలు పెరిగి గాఢనిద్ర పాలు తగ్గింది. విచిత్రమేమిటంటే వారు మాత్రం తమ నిద్ర బాగుపడిందని చెప్పారు. ధ్యానం మెలకువకు కూడా శిక్షణే కనుక, ఏ పద్ధతి ఎంతసేపు ఏ వేళ చేస్తున్నారన్నదాన్నిబట్టి అది నిద్రను పెంచనూవచ్చు, పలచబరచనూవచ్చు.

అనుభూతి చెప్పే అబద్ధం

విలబీ బ్రిటన్ బృందం గమనించిన ఆ వైరుధ్యమే ఈ చర్చకు కీలకం: నిద్ర తీరిందన్న అనుభూతి, నిద్ర తీరడం ఒకటి కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ తదితరులు 48 మంది ఆరోగ్యవంతులపై జరిపి 2003లో ప్రచురించిన ప్రయోగంలో, రెండు వారాలపాటు రాత్రికి ఆరు గంటలు, అంతకంటే తక్కువ సమయం మాత్రమే పడుకోనిచ్చినవారి ఏకాగ్రత రోజురోజుకూ దిగజారుతూ, చివరికి ఒకటి రెండు రాత్రులు పూర్తిగా నిద్రలేనివారి స్థాయికి చేరింది. వారి మగత భావన మాత్రం తొలి కొద్ది రోజులు పెరిగి, ఆ తర్వాత దాదాపుగా అక్కడే నిలిచిపోయింది. తాము ఎంత దెబ్బతిన్నామో వారికి తెలియలేదు. ఇలాంటి మనిషికి గంట యోగనిద్ర తర్వాత ఒళ్లు తేలికపడితే, బాకీ మొత్తం తీరిపోయిందన్న నమ్మకం కలగడం సహజం. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఈ నమ్మకం ప్రమాదకరం: 17 గంటలు వరుసగా మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి పనితీరుకు సమానంగా పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో లెక్కగట్టారు. భారత మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతమే.

పై సాక్ష్యాలను కలిపి చూస్తే గాఢ విశ్రాంతికి తగిన చోటు స్పష్టంగానే కనిపిస్తుంది. పక్కమీద చేరినా ఆలోచనల వల్ల కంటిమీద కునుకు రాని మనిషికి, నిద్రకు అడ్డుపడుతున్నది శరీరంలోని ఉద్రేకమే కనుక, యోగనిద్ర గానీ జాకబ్సన్ పద్ధతి గానీ నేరుగా ఆ అడ్డును తొలగిస్తుంది. దీర్ఘకాల నిద్రలేమికి వైద్యులు మొదటగా సూచించే ప్రవర్తనా చికిత్సలో విశ్రాంతి శిక్షణ ఒక భాగం కావడానికి కారణం ఇదే. అర్ధరాత్రి మెలకువ వచ్చి, నిద్ర పట్టదేమోనన్న కంగారుతో మరింత మేలుకునేవారికీ, రాత్రి షిఫ్టు మధ్య అరగంట విరామం దొరికినవారికీ ఇది ఉపకరిస్తుంది. గురక, ఊపిరి ఆగడం వంటి జబ్బుతో నిద్ర చెడుతున్నవారు మాత్రం ధ్యానంతో సరిపెట్టుకుంటే అసలు రోగం మరుగునపడుతుంది. గంటకు నాలుగు గంటల లెక్క చూసుకొని రోజూ నిద్రను కోసుకునేవారికి, పెద్దలకు కనీసం ఏడు గంటలు అవసరమన్న నిద్రవైద్య నిపుణుల సిఫారసు నుంచి ఆ లెక్క ఏ మినహాయింపునూ సంపాదించిపెట్టదు. విశ్రాంతి సాధన మంచిదా కాదా అన్న ప్రశ్నకు సాధకుడి అనుభవం సాక్ష్యంగా సరిపోతుంది. అది నిద్రకు బదులవుతుందా అన్న ప్రశ్నకు మాత్రం ఆ రాత్రి తొలి గంటల డెల్టా తరంగాలు, మర్నాటి ప్రతిస్పందన వేగం చెప్పే సాక్ష్యమే చెల్లుతుంది, అవి ఇంతవరకు ఆ సమీకరణానికి మద్దతు పలకలేదు.